బూడిదది కరిస్తే బువ్వ తినండి

ఓబుళేసుకు తెలియని పాము భూమ్మీద లేదు. ఈ మాట అన్నది ఓబుళేసే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం కాబట్టి, నల్లమాడ దగ్గర అరవై ఇళ్ళున్న ఆ పల్లె ఈ మాటను నమ్మింది. ఎవరి గడ్డివాములో ఏది బుసకొట్టినా, ఎవరి పెరట్లో ఏది పాకినా ముందు ఓబుళేసుకే కబురు పోయేది. ఆయన తొందరపడకుండా వచ్చేవాడు. నోట్లోని వక్కాకును ఒక పక్కకు ఉమ్మి, పామును కర్రతో తిరగేసి, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా తల నుంచి తోక దాకా చూసి తీర్పు చెప్పేవాడు. తీర్పు తప్పయితే పాము తిరిగి వచ్చి అడగదు కదా.

నిజానికి ఆయన గొర్రెల కాపరి. నూట ఇరవై గొర్రెల్లో ఏది ఎప్పుడు ఈనుతుందో, దేనికి కాలు నొప్పో చీకట్లో కూడా చెప్పగలడు. ఆ విద్యకు ఎవరూ కుర్చీ వేయరు. పాముల విద్యకు వేస్తారు. అందుకే యాభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి గొర్రెల ఓబుళేసు కాస్తా పాముల ఓబుళేసు అయ్యాడు.

ఆ ఊరి నేల ఎర్రది. అక్కడి చిన్న పింజరి కూడా ఇటుక రంగులో ఉంటుంది. మూరెడు పాము. చుట్టుకుని పడుకుంటే ఎర్ర రాళ్ళలో ఇంకో రాయి అనుకుంటారు. కోపం వస్తే మాత్రం ఒంటిని ఒంటికే రాసుకుని, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చుర్రుమంటుంది. వేరుశనగ పీకే ఆడవాళ్ళు ఆ చప్పుడుకు నిద్రలో కూడా లేచి కూర్చుంటారు. ఈ పాము దగ్గర ఓబుళేసు కూడా వేషాలు వేయడు. కరిచిందంటే కదిరి ఆసుపత్రికి ఎత్తుకుపొమ్మంటాడు. అది పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. తన పసరు తాగిన ఇద్దరు మనుషులు పాడె ఎక్కిన తర్వాత వచ్చిన తెలివి.

ఏటా శనగ పంట ఎత్తే రోజుల్లో ఆ ఊరి కాపరులు మందలను తోలుకుని పడమటికి, గుమ్మఘట్ట వైపు నల్లరేగడి చేలకు పోతారు. రాత్రిపూట గొర్రెలను చేలో పడుకోబెడితే ఆ ఎరువుకు రైతు గింజలిస్తాడు. ఆ నల్లరేగట్లో కూడా పింజరి ఉంది. కాకపోతే అక్కడ అది ఎర్రగా ఉండదు. ఎండిన రేగడి గడ్డలా బూడిద రంగులో, ఒంటి మీద మచ్చలు కూడా సరిగా కనిపించకుండా ఉంటుంది. చూసినవాడు ఎవడైనా ఒక్క నిమిషం వంగి తల చూసి ఉంటే తెలిసేది. వంగడం ఓబుళేసుకు నామోషీ. నిలబడే తీర్పు చెప్పాడు.

"పాము తను పుట్టిన మన్ను వదిలిపెట్టదప్పా. పింజరి మన ఎర్రమట్టిది. ఈడ ఉండేది వేరే పురుగు. మట్టిపురుగు."

ఆ పేరు ఆయన అక్కడికక్కడ పెట్టిందే. దానికి తోడు ఒక ఏడు బూడిద రంగులో ఉన్న ఏదో పిచ్చిపాము ఒక కాపరి కాలును కొరికింది. వాడికి ఏమీ కాలేదు. ఇంకేం కావాలి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని తేలిపోయింది. అప్పటినుంచి ఓబుళేసు నోట ఒక శాస్త్రం పుట్టింది. ఎర్రది కరిస్తే ఏడ్వండి, బూడిదది కరిస్తే బువ్వ తినండి. పిల్లలకు కూడా నోటికి వచ్చింది. మందలతో పడమటికి పోయే ప్రతి కాపరీ దాన్ని అంబలి కుండతో పాటు వెంట తీసుకుపోయాడు.

వీరేష్ కూడా అలాగే పోయాడు. ఓబుళేసు భార్య గంగక్కకు తమ్ముడు. తల్లి పోతే గంగక్కే ఎత్తుకుని పెంచింది. ఇరవై ఆరేళ్ళు. పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. మూడేళ్ళ కిందట గుమ్మఘట్ట దగ్గర తిప్పేష్ అనే రైతు చేలో మంద వేసినప్పుడు, సాయంత్రం గొర్రెలు చెదరకుండా చుట్టూ వల కడుతుంటే మడమ మీద కాటు పడింది.

"బావా, చుర్రుమనింది. మన పింజరి మాదిరే ఉండాది" అన్నాడు వీరేష్.

ఓబుళేసు పదడుగుల దూరంలోనే నిలబడి కళ్ళు చికిలించాడు. "రంగు చూడ్రా, గుడ్డోడా. బూడిదది. మీ అక్క సంగటి చేసింది, తిని పండుకో."

గంగక్క తమ్ముడికి ముద్ద పెట్టింది. వాడు తిన్నాడు. తెల్లారేసరికి కాలు ఉబ్బింది. మధ్యాహ్నానికి చిగుళ్ళలోంచి రక్తం కారింది. ఓబుళేసు వేడి చేసిందన్నాడు, మజ్జిగ తాగించమన్నాడు. మూడో రోజు ఒంటికి పోస్తే నెత్తురే వచ్చింది. ఆటోలో ఎక్కించేసరికి దారిలోనే ప్రాణం పోయింది. చావుకు కారణం కూడా ఓబుళేసే చెప్పాడు. కామెర్లు, లోపల ఎప్పటినుంచో ఉన్నాయి, పైకి తెలియలేదు. ఊరంతా తలూపింది. గంగక్క ఒక్కసారి అడిగింది, పాము కాదా అని.

"బూడిదది కరిస్తే ఎవరన్నా సస్తారా?" అన్నాడు ఓబుళేసు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగలేదు కాబట్టి నమ్మిందనే ఆయన అనుకున్నాడు.

పోయిన శ్రావణంలో ఆ ఊరికి జయంతి అనే అమ్మాయి వచ్చింది. తిరుపతిలో పాముల మీద పెద్ద చదువు చదువుతోంది. ఇనుప కొక్కెం, రెండు డబ్బాలు, ఒక కెమెరా. పాములను పట్టుకుంటుంది, పొలుసులు లెక్కపెడుతుంది, ఫొటో తీస్తుంది, మళ్ళీ అక్కడే వదిలేస్తుంది.

"పట్టి వదిలేసేదానికి ఇంత సదువు యాలమ్మా? మా పిల్లోళ్ళు పట్టకుండానే వదిలేస్తారు" అన్నాడు ఓబుళేసు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వి, నాలుగు ఫొటోలు తీసి మంచం మీద వరసగా పరిచింది. ఒకటి ఆ ఊరి ఎర్రది. ఒకటి గుమ్మఘట్ట బూడిదది. ఒకటి ఏటి ఇసుక రంగుది. ఒకటి గార్లదిన్నె దగ్గరి రాళ్ళగుట్టల్లో దొరికిన ముదురు గోధుమది.

"ఇవి ఎన్ని రకాల పాములన్నా?" అని అడిగింది.

"నాలుగు. కండ్లుండే ఎవుడైనా చెప్తాడు."

"ఒకటే రకం అన్నా. నాలుగూ చిన్న పింజరే. తల మీద బాణం లాంటి గుర్తు చూడండి, నాలుగింటికీ ఉంది. చప్పుడూ ఒకటే, విషమూ ఒకటే. నేలను బట్టి రంగు మారింది."

ఓబుళేసు చుట్టూ చూశాడు. ఇరవై మంది ఉన్నారు. ఇరవై మంది ముందు పైటపిన్ను పెట్టుకున్న పిల్ల తనకు పాఠం చెబుతోంది.

"అట్లనా? మా గొర్లు ఏటా రెండు నెల్లు నల్లరేగట్లో మేస్తాయి తల్లీ. ఒక్కటన్నా నల్లగై రాలేదే."

మళ్ళీ నవ్వులు. ఈసారి జయంతి నవ్వలేదు.

"గొర్రెల్ని మీరు కాపాడతారన్నా. పామును ఎవరు కాపాడతారు? ఎర్ర నేల మీద బూడిదది పాకితే గద్దకు కనిపించి పోతుంది. నేలలో కలిసిపోయినవే బతికి పిల్లల్ని పెట్టాయి. ఎన్నో తరాలు అలా జరిగితే, ఏ నేలలో ఉన్నది ఆ నేల రంగులోనే మిగులుతుంది."

జవాబు దొరకనప్పుడు ఓబుళేసు చేసే పని ఒకటే, మందకు నీళ్ళు పెట్టాలని లేచిపోవడం. లేచిపోయాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, జనం చెదిరిపోయారు కానీ గంగక్క మాత్రం మంచం పక్కన గొంతుక్కూర్చుని ఉంది. బూడిదదాని ఫొటో ఆమె చేతిలో ఉంది. ఆ అమ్మాయిని ఏదో అడుగుతోంది. ఏమడిగావని ఓబుళేసు ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. ఆ రోజు నుంచి భార్య మాటలు తగ్గించింది. ఇంట్లో పోరు తగ్గిందని సంతోషించాడు ఆ మహానుభావుడు.

ఈ ఏడు కూడా శనగ ఎత్తాక మంద తిప్పేష్ చేలోకే వచ్చింది. మూడో రోజు పొద్దెక్కుతుండగా ఓబుళేసు వల గూటాలు పీకి పక్క మడిలోకి మారుస్తున్నాడు. ఒక గూటం మీద శనగ పొట్టు కుప్పగా పడి ఉంది. పొట్టు కింద ఏదో కదిలింది. చూశాడు. బూడిద రంగు.

అదే ఎర్రదై ఉంటే మూడంగల్లో వెనక్కి దూకేవాడు. బూడిదదే కదా అని, పురుగును తోసినట్టు కుడిచేత్తో పక్కకు తోశాడు.

అది తోయించుకునే రకం కాదు. చుట్టలు చుట్టలుగా రాసుకుని చుర్రుమంది. ఆ చప్పుడు చెవిలో పడేలోపే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాటు పడింది. అప్పుడు వంగాడు ఓబుళేసు. ఇన్నేళ్ళలో మొదటిసారి వంగి, జానెడు దూరం నుంచి ఆ తల చూశాడు. తల మీద బాణం గుర్తు ఉంది. తన ఊళ్ళో తన కర్ర కింద చచ్చిన నలభై ఎర్ర పింజర్ల తలల మీద ఉన్న గుర్తే.

గూటంతో నాలుగు దెబ్బలు వేశాడు. పొట్టు పక్కన మట్టి తవ్వి కప్పేశాడు. ఆ తర్వాత కూలబడి, చేతిని చూసుకుంటూ ఆలోచించాడు. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. రాయదుర్గం ఆసుపత్రికి తిప్పేష్ బండి మీద ముప్పావుగంట. పోయి ఏం చెప్పాలి? పాము కరిచింది. ఏ పాము? ఈ చేలో ఉండే బూడిదది. బూడిదది కరిస్తే ఆసుపత్రికి ఎందుకొచ్చావు? చంపుతుంది కాబట్టి. చంపుతుందని ఒప్పుకుంటే వీరేష్ కామెర్లతో పోలేదు. ఓబుళేసు మాటతో పోయాడు. గంగక్క చేతి ముద్ద తింటూ పోయాడు.

ఆ సంగతి గంగక్క ముందు ఒప్పుకోవడం కంటే చావడమే తేలికనిపించింది. దాన్ని ఆయన పౌరుషం అనుకున్నాడు. పిరికితనానికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మగవాళ్ళు పెట్టుకున్న పేరు అదే. ఇంకో ఆశ కూడా లేకపోలేదు. ఒక్కోసారి విషం సరిగా దిగదు. దిగి ఉండకపోతే మాట దక్కుతుంది, మనిషీ దక్కుతాడు.

విషం దిగింది. గంటలో చెయ్యి పొంగి మణికట్టు దాటింది. ఓబుళేసు కంబళి తెచ్చి కప్పుకున్నాడు. మాఘమాసం వెళ్ళి ఎండ చురుక్కుమంటున్న రోజులు.

"ఏనప్పా ఓబుళేసూ, ఇంత ఎండలో కంబళి యాలప్పా? మీ ఊర్లో మంచు పడతాందా?" అని గట్టు మీదనుంచి తిప్పేష్ కేకేశాడు.

"చలిజరం" అన్నాడు ఓబుళేసు.

తొమ్మిది గంటలకు నోట్లో ఉప్పగా తగిలింది. ఉమ్మి చూసుకుంటే ఎర్రగా ఉంది. నడుములో దోపుకున్న ఆకులు తీసి మడిచి నోట్లో కుక్కుకున్నాడు. నోరు ఎర్రగా ఉండడానికి ఒక సాకు కావాలి, వక్కాకు కంటే మంచి సాకు లేదు. ఈ ఉపాయానికి తనను తాను మెచ్చుకున్నాడు కూడా. చావు నోట్లోకి వచ్చి కూర్చున్నా మనిషికి తన తెలివి మీద మోజు తీరదు. నమిలాడు, ఉమ్మాడు. మళ్ళీ నమిలాడు, ఉమ్మాడు. పదిన్నరకల్లా నాలుగాకులూ అయిపోయాయి. ఎరుపు మాత్రం అయిపోలేదు.

మధ్యాహ్నం తిప్పేష్ కుక్క పొట్టు కుప్ప దగ్గర మట్టి తవ్వి చచ్చిన పామును బయటికి లాగింది. తిప్పేష్ దాన్ని కట్టెకు తగిలించుకుని వచ్చాడు. అతని వెనకాల చేలో కూలికి వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు. గంగక్క పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ తలెత్తి చూసింది.

"అన్నా, రేపు పొద్దున ఆ పొట్టంతా మేమే ఎత్తాల. చేతులు పెట్టి ఎత్తే పని. ఇది ఏం పాము?" అని వాళ్ళల్లో పెద్దామె అడిగింది.

ఇక్కడ నిజం చెప్పడానికి ఓబుళేసుకు ఇంకో అవకాశం దొరికింది. ముగ్గురు ఆడవాళ్ళు, ఆరు చేతులు. వాళ్ళకు ఇళ్ళ దగ్గర పిల్లలున్నారు. కంబళి కింద తన చెయ్యి మోచేయి దాకా పొంగి కొట్టుకుంటోంది. అయినా కూర్చున్నచోటు నుంచి కదలకుండా గడ్డం ఎత్తి దాన్ని చూశాడు.

"మట్టిపురుగు. భయం ల్యా. చేత్తో తీసి అవతలేయచ్చు" అన్నాడు. పక్కకు ఉమ్మాడు.

పెద్దామె "అట్లయితే సరే" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళు పోయారు. తిప్పేష్ కట్టెను అక్కడే పారేసి బోరు దగ్గరికి పోయాడు. గంగక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. కట్టెతో పామును తిప్పి తల చూసింది. నలిగిన నడుము చూసింది. పక్కనే పడి ఉన్న గూటం చూసింది, దాని కొసన అంటిన మరక చూసింది. తర్వాత కంబళి వైపు చూసింది. పోయి పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసి, తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తిను."

"ఆకలి ల్యా. జరం."

"తినయ్యా. బూడిదది కరిస్తే బువ్వ తినాలంటివే."

ఓబుళేసు నవ్వబోయాడు. నోరు తెరిస్తే పళ్ళు కనిపిస్తాయని మూసుకున్నాడు. "ఎవుర్ని కరిచింది?"

"పొద్దున నాలుగాకులు తీసుకున్యావు. ఆకుల సంచి నా నడుములో ఉండాది, ఇదో. మద్దేనం దాకా ఎర్రగా ఉమ్మడానికి అవేమన్నా మాయాకులా?"

"పన్ను నొప్పి."

"సరే, పన్ను నొప్పే. ముద్ద తుంచు."

ఆయన ఎడమ చెయ్యి చాచాడు. చాచాక తెలిసింది ఎడమ చెయ్యి అని. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎడమ చేత్తో అన్నం ముట్టని మనిషి. ఆ చెయ్యి పళ్ళెం మీద అలాగే ఆగిపోయింది. గంగక్క వంగి కంబళి కొస పట్టుకుని తీసేసింది. కుడిచెయ్యి రొట్టె పిండిలా పొంగి, నీలంగా నిగనిగలాడుతోంది. కాటు పడినచోట నుంచి ఇంకా పలచగా నెత్తురు కారుతోంది.

ఆమె ఏడవలేదు, నెత్తి కొట్టుకోలేదు. ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది, ఆ రోజు మంచం పక్కన కూర్చున్నట్టే.

"ఆ సదువుకున్న పిల్లను అడిగినా. బూడిదది కరిస్తే ఏమైతాదమ్మా అని. చిగుర్లలో నెత్తురు కారుతాదనింది. ఉచ్చలో వస్తాదనింది. వీరేషుకు వచ్చినట్టే చెప్పింది, పక్కనుండి చూసినట్టు చెప్పింది. ఆ పొద్దు నించి ఏడు నెల్లాయ. నీ నోటితో నువ్వే అంటావేమోనని చూస్తాండా. తప్పయిపాయ గంగా అంటావేమోనని. ఆ ఒక్క మాటంటే నిన్ను క్షమించాలనే అనుకున్యా." ఆమె చచ్చిన పాము వైపు చెయ్యి చూపింది. "నువ్వేమో ఇప్పుడు కూడా ఆ కూలోళ్ళకు చేత్తో తీసెయ్యమంటివి. అనేదేదో ఇప్పుడను. వీరేషు యాటితో సచ్చినాడు?"

నోట్లో నెత్తురు నిండింది. మింగాడు ఓబుళేసు. మింగి, గడ్డం ఎత్తాడు.

"కామెర్లే" అన్నాడు.

కిందపడ్డా మీసానికి మన్ను అంటలేదనే రకం. ముప్ఫై నాలుగేళ్ళు ఈ మనిషికి ముద్ద చేసి పెట్టానా అన్నట్టు గంగక్క ఆయన మొహంలోకి చూసింది. పళ్ళెం తీసుకుని లేచి, సంగటి ముద్ద కుక్కకు వేసింది. చేతులు నోటి దగ్గర పెట్టుకుని చేనుకు ఆ కొస దాకా వినిపించేలా కేకేసింది.

"అమ్మా, ఓ పెద్దమ్మా. అది పింజరే. పొట్టులో చేతులు పెట్టద్దండి. ఆ మనిషికేం తెలీదు."

తర్వాత తిప్పేష్‌ను పిలిచింది.

బండి మీద తిప్పేష్ ముందు, గంగక్క వెనక, మధ్యలో ఓబుళేసు. దారి పొడుగునా ఆమె ఒక చేత్తో ఆయన పడిపోకుండా గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో ప్రేమ ఎంతో, పారిపోనివ్వననే పంతం ఎంతో ఆయనకు అర్థం కాలేదు. గతుకు వచ్చినప్పుడల్లా చెయ్యి నిప్పులా మండింది. ఓబుళేసు మాత్రం ఒక్కటే ఆలోచిస్తున్నాడు. డాక్టరు ఏ పామని అడుగుతాడు, ఏం చెప్పాలి.

రాయదుర్గం ఆసుపత్రిలో కుర్ర డాక్టరు చెయ్యి చూసి, చిగుళ్ళు చూసి, సూదితో కాస్త నెత్తురు తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టాడు. ఇరవై నిమిషాలు ఎవరూ దాన్ని కదపకూడదన్నాడు. మంచి నెత్తురైతే గడ్డకడుతుందట. ఓబుళేసు ఆ గొట్టం వైపే చూస్తూ పడుకున్నాడు. గంగక్క గోడకు ఆనుకుని నిలబడింది. ఇరవై నిమిషాలయ్యాక డాక్టరు గొట్టాన్ని పక్కకు వంచాడు. నెత్తురు నీళ్ళలా అటు జారింది, మళ్ళీ వంచితే ఇటు జారింది.

"ఏ పాము కరిచింది పెద్దాయనా? చూశావా?"

ఓబుళేసు కళ్ళు మూసుకున్నాడు. "కనపడలేదు సారూ."

"పోనీలే. మందు ఎలాగూ ఒకటే" అని డాక్టరు నర్సుకు సైగ చేశాడు. సూది గుచ్చారు, సీసా వేలాడదీశారు. ఓబుళేసుకు ప్రాణం కుదుటపడింది. చూశావా, చెప్పకుండానే గట్టెక్కాననుకున్నాడు. మాట దక్కింది, మనిషీ దక్కుతున్నాడు. ఊళ్ళో మళ్ళీ కుర్చీ వేస్తారు.

"సారూ, ఒక్క మాట" అంది గంగక్క.

డాక్టరు కాగితం రాస్తూనే తలూపాడు.

"మూడేండ్ల కింద నా తమ్ముణ్ణి పాము కరిచింది. ఈ చేన్లోనే. ఇట్లే చిగుర్లలో కారింది. మేము ఆసుపత్రికి తేలేదు. కరిచిన రెండు గంటలకు ఈడికి తెచ్చింటే బతికేటోడా?"

డాక్టరు రాయడం ఆపాడు. "ఏ పామో తెలియకుండా ఎలా చెప్పేదమ్మా? ఆ పామును చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఉండారు. ఈయప్ప చూసినాడు. దాన్నీ చూసినాడు, పొద్దున దీన్నీ చూసినాడు. గూటంతో చంపి మట్టిలో పూడ్చినాడు."

డాక్టరు ఓబుళేసు వైపు తిరిగాడు. తిప్పేష్ తిరిగాడు. సూది సర్దుతున్న నర్సు కూడా తిరిగింది. ఇరవై మంది ముందు జయంతికి ఎదురుచెప్పిన మనిషికి, ఈ నలుగురి ముందు తప్పించుకునే దారి కనిపించలేదు. లేచిపోవడానికి లేదు, చేతికి సూది ఉంది. మందకు నీళ్ళు పెట్టాలనడానికి లేదు.

"రెండూ ఒకటేనా పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

బల్ల మీద గాజు గొట్టం ఇంకా అక్కడే ఉంది. అందులో ఓబుళేసు నెత్తురు గడ్డకట్టకుండా పలచగా నిలిచి ఉంది. వీరేష్ నెత్తురును ఎవరూ గొట్టంలో పోసి చూడలేదు. ఆ రోజు వాడు పడుకున్న గోనెపట్టా మీద చూశాడు తను. పట్టా తడిసి, తెల్లారినా ఆ నెత్తురు గడ్డకట్టలేదు. అప్పుడే తెలుసు. పాములు తెలిసి కాదు, గొర్రెలు కాసినవాడు కాబట్టి తెలుసు, ఒంట్లోంచి పోయిన నెత్తురు గడ్డకట్టకపోతే అది వేడి కాదని. తెలిసే కామెర్లన్నాడు. అదే మాట అని అని చివరికి తనే నమ్మాడు, నమ్మే పొద్దున చెయ్యి పెట్టాడు.

"ఒకటే సారూ" అన్నాడు. "పింజరే. రెండూ పింజర్లే."

"అయితే బతికేవాడమ్మా" అన్నాడు డాక్టరు మెల్లగా. "రెండు గంటల్లో తెచ్చి ఉంటే ఖాయంగా బతికేవాడు."

గంగక్క తలూపింది. ఇన్నాళ్ళూ తనకు తెలిసిందే అయినా, ఆ మాట విన్నాక ఆమె మొహంలో ఏదో తెగిపోయింది. నడుములోంచి వక్కాకు సంచి తీసి మంచం మీద, ఆయన ఎడమచేతి పక్కన పెట్టింది.

"విన్నావు కదా" అంది. "గొర్లు ఒంటిగా ఉండాయి, నేను పోతాండా. మందను ఊరికి నేనే తోలుకుపోతా. నువ్వు బతికి వస్తే, ఈడ చెప్పిన మాట ఊర్లో చెప్పు. చెప్పినాకనే ఇంట్లోకి రా."

ఆమె తిరిగి చూడకుండా పోయింది. తిప్పేష్ బండి తాళం చేతిలోకి తీసుకుని ఆమె వెనకే పోయాడు.

పొద్దు వాలాక నర్సు పళ్ళెంలో అన్నం, పప్పు తెచ్చి మంచం పక్క బల్ల మీద పెట్టింది. "లేచి ఇంత బువ్వ తిను తాతా, మందు పడింది కదా, నీరసం వస్తాది" అంది.

ఓబుళేసు ఆ పళ్ళెం వైపు చూశాడు. వీరేష్ ఆ రాత్రి రెండో ముద్ద కూడా అడిగి పెట్టించుకున్నాడు, బావ ఏం కాదన్నాడు కాబట్టి. గోడ వైపు తిరిగి, సంచి గుండెకు అదుముకుని, మూడేళ్ళ తర్వాత మొదటిసారి బావమరిది కోసం ఏడ్చాడు. నర్సు చెయ్యి నొప్పేమో అనుకుని మాత్ర తేవడానికి పోయింది.